ఇంటికెళ్లి మసాజ్ చేసేవాళ్లు గిట్టుబాటు రేటు ఎలా కట్టుకోవాలి?

విజయవాడ పటమటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండిళ్లు దొరికాయి నాకు, పని మొదలుపెట్టిన కొత్తల్లో. రెండో అంతస్తు ఆవిడకి గంటకి 500 చెప్పాను. ఐదో అంతస్తు ఆవిడకి 700. ఆ ఇంట్లో పాలరాతి నేల, కింద పార్కింగ్‌లో పెద్ద కారు. పది రోజులు తిరక్కుండా ఇద్దరూ లిఫ్టులో కలిశారు. పైఆవిడ ఫోన్ చేసి, "ఏమ్మా, నా ఒంటికి నూనె ఎక్కువ పడుతుందా?" అని ఒక్క మాట అడిగి పెట్టేసింది. విచిత్రం ఏంటంటే కిందావిడ కూడా మళ్లీ పిలవలేదు. రేపు తనకీ ఇంకో రేటు చెబుతానని భయపడి ఉంటుంది.

ఇల్లు చూసి రేటు చెప్పడం అప్పుడే మానేశాను. కాగితం మీద లెక్క వేసుకుని, దాన్నే అందరికీ చెబుతున్నాను. ఆ లెక్క ఎలా వేయాలో చెబుతాను. అంకెలు నావి, మీ ఖర్చుల్ని బట్టి మార్చుకోండి.

1. ముందు మీ చేతుల్ని అడగండి

రోజుకి ఎన్ని ఇళ్లు చేయగలరు? ఉత్సాహంలో ఐదు అంటాం. నేనూ చేశాను ఓ రెండు నెలలు. ఆ తర్వాత పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరించాలంటే బొటనవేలి మొదట్లో కలుక్కుమనేది. ఈ పనిలో పెట్టుబడి ఆ రెండు బొటనవేళ్లూ, నడుమూనే. ఇప్పుడు మూడిళ్లకి మించి ఒప్పుకోను.

రోజుకి మూడు, నెలకి 24 రోజులు అంటే 72. అన్నీ జరగవు. చుట్టాలొస్తారు, జ్వరాలొస్తాయి, చెప్పాపెట్టకుండా ఊరెళ్తారు. అందుకని 60 అనే వేసుకుంటాను.

2. తాళం వేసిన దగ్గర్నుంచి తాళం తీసేదాకా లెక్కపెట్టండి

"గంటకి ఆరొందలా? మా అబ్బాయి ఆఫీసులో కూడా అంత రాదు" అన్నారొక మామ్మగారు సత్యనారాయణపురంలో. ఆవిడకి కనపడేది ఆ గంటే మరి. పటమట నుంచి భవానీపురం ఒక ఇంటికి వెళ్లిన రోజు గడియారం చూసి రాసుకున్నాను. వెళ్లడానికి 35 నిమిషాలు. ఒంట్లో ఎలా ఉందో, బీపీ మాత్రలు వేసుకుంటున్నారో లేదో అడిగి, బొంత పరిచి, నూనె గోరువెచ్చగా చేసుకోవడానికి 15. మసాజ్ 60. సర్దుకోవడానికి 15. తిరిగి రావడానికి 35. మొత్తం 160 నిమిషాలు, అంటే రెండు గంటలా నలభై నిమిషాలు. ఆరొందల్ని దానితో భాగిస్తే గంటకి 225 రూపాయలు, అదీ ఖర్చులు తీయకముందు. మామ్మగారికి ఇదంతా విడమరిచి చెబితే, "పోనీ మధ్యాహ్నం ఎండలో రాకు, పొద్దున్నే రా" అన్నారు. బేరం మాత్రం మళ్లీ ఎత్తలేదు.

మీరూ ఒక వారం పాటు ప్రతి ఇంటికీ ఇలా రాసుకోండి. సగటు మీకే తెలుస్తుంది.

3. అసలు లెక్క

మా ఇంటి ఖర్చులకి నెలకి 24,000 రావాలనుకున్నాను. దీనికి తోడు పని కోసం పక్కన పెట్టాల్సినవి ఉన్నాయి. ఫోన్ రీచార్జి 300, స్కూటీ సర్వీసింగు, టైర్లు, ఇన్సూరెన్సు కలిపి 900, తువ్వాళ్లు, దుప్పట్లు పాతబడితే కొత్తవి కొనడానికి 800, ఒంట్లో బాగాలేక పని మానేసే రోజుల కోసం 2,000. ఇవి 4,000. రెండూ కలిపి 28,000. దాన్ని 60తో భాగిస్తే పనికి వెళ్లే ఒక్కో ఇంటికి 467 పడింది.

తర్వాత ఒక్కో ఇంటికి అయ్యే చిల్లర ఖర్చులు. నువ్వుల నూనె 80 మిల్లీలీటర్లు పడుతుంది, లీటరు 400 అనుకుంటే 32 రూపాయలు. తువ్వాళ్ల ఉతుకుకి 20. జిడ్డు వదలాలంటే వేడినీళ్లు, సబ్బుపొడి రెండూ ఎక్కువే కావాలి, దీన్ని తక్కువ అంచనా వేయొద్దు. పెట్రోలు రానుపోను 12 కిలోమీటర్ల సగటుకి 30. మొత్తం 82.

467కి 82 కలిపితే 549. నేను చెప్పే రేటు 600. ఆ 51 రూపాయలు నా ఊపిరి. నెలలో ఇళ్లు 60 నుంచి 55కి పడిపోతే ఖర్చు 591 అవుతుంది, అప్పుడూ చేతి నుంచి పడదు. అదే మొహమాటపడి 500కి ఒప్పుకుంటే? చిల్లర ఖర్చులు పోగా ఇంటికి 418 మిగులుతుంది, అరవై ఇళ్లకి 25,080. పక్కన పెట్టాల్సిన నాలుగు వేలూ తీస్తే మా ఇంటికి చేరేది 21,080. నెల తిరిగేసరికి దాదాపు మూడు వేలు తక్కువ. అందుకే వందే కదా అనుకోవద్దు.

ధన్వంతరం, క్షీరబల లాంటి ఆయుర్వేద తైలాలు కావాలంటే తెచ్చిన ధర బిల్లు చూపించి విడిగా తీసుకోండి. లేదంటే సీసా వాళ్లనే కొని ఉంచమనండి. నేను రెండోదే చేస్తాను, గొడవ ఉండదు.

4. టైముని బట్టి, మనుషుల్ని బట్టి

అరగంటకి సగం, గంటన్నరకి ఒకటిన్నర రెట్లు అని వేస్తే ఒకచోట మీరు మునుగుతారు, ఇంకోచోట వాళ్లు మునుగుతారు. ప్రయాణం ఎటూ ఒకటే కదా. నా దగ్గర అరగంటకి 450, గంటకి 600, గంటన్నరకి 800. ఒకే ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ చేయించుకుంటే రెండో మనిషికి 450. నాకు మిగిలిన ప్రయాణం, పెట్రోలు వాళ్లకి తగ్గించాను, అంతే.

బాలింతకీ, పసిబిడ్డకీ కలిపి 21 రోజులో 40 రోజులో రమ్మంటారు. దూరం దగ్గరై, ఒకే వేళకి రోజూ వెళ్లే పని అయితే రోజు రేటు కొంత తగ్గించవచ్చు, ఎందుకంటే ఆ వేళ ఖాళీ పోదని ముందే తెలుస్తుంది. సగం డబ్బు ముందు, సగం మధ్యలో. మొత్తం ముందే తీసుకోవద్దు. బిడ్డకి జలుబు చేసి పది రోజులు ఆగిపోతే తిరిగిచ్చేటప్పుడు చేతిలో ఉండదు. ఆపరేషన్ అయిన బాలింతకైతే డాక్టరు సరేనన్నాకే వెళ్లండి.

5. దూరానికి కిలోమీటర్లు కాదు, నిమిషాలు

బెంజి సర్కిల్, లబ్బీపేట, మొగల్రాజపురం, కానూరు వైపు అయితే నేను అదనంగా తీసుకోను. అజిత్‌సింగ్‌నగర్, భవానీపురం, గొల్లపూడి అయితే 100. కృష్ణ దాటి తాడేపల్లి, ఉండవల్లి 150, మంగళగిరి 200. బ్యారేజీ మీద సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాళ్లెవరూ ఈ రేటు గురించి నన్ను అడగలేదు.

గుంటూరుకి రానుపోను 70 కిలోమీటర్లు. కాజ టోల్‌గేటు దగ్గర స్కూటీకి డబ్బు కట్టనక్కర్లేదు గానీ పూటంతా పోతుంది. అందుకని బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి పక్కపక్క పేటల్లో ఒకే రోజు కనీసం రెండిళ్లు కుదిరితేనే వెళ్తాను. ప్రయాణానికి 500, వాళ్లిద్దరూ పంచుకుంటారు.

దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, దుర్గమ్మ కొండ చుట్టుపక్కల దారులు మళ్లించేస్తారు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలప్పుడు అటువైపు అదే పరిస్థితి. ఆ రోజుల్లో రేటు పెంచను. అటు బుకింగే తీసుకోను.

6. బయట రేట్లు చూడండి, కానీ వాటి వెంట పరిగెత్తొద్దు

స్పాల్లో, యాప్‌లలో, ఆయుర్వేద ఆసుపత్రుల్లో ఎంత తీసుకుంటున్నారో ఓ నాలుగు చోట్ల కనుక్కోండి. స్పా రేటులో ఏసీ, అద్దె, రిసెప్షన్ అమ్మాయి జీతం ఉంటాయి. యాప్ రేటులో వాళ్ల కమీషన్ ఉంటుంది. మీ రేటులో ఎండ ఉంటుంది. మీ లెక్క ఆ రేట్ల కంటే బాగా కిందికి వస్తే సంబరపడకండి, ఏదో ఖర్చు మరిచిపోయారేమో మళ్లీ చూసుకోండి.

జీఎస్టీ సంగతి కూడా చాలామంది అడుగుతారు. సేవలకి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో టాక్సు అని కలిపి తీసుకోవడం తప్పు.

7. తగ్గింపులు దాచిపెట్టి ఇవ్వొద్దు

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఉంటారు, మనకీ మనసుంటుంది. మంగళవారం మధ్యాహ్నం నాకు ఎలాగూ ఖాళీ. అందుకే ఆ రోజు అరవై దాటినవాళ్లకి 450 అని అందరికీ తెలిసేలా పెట్టాను. పది సార్లకి ఒకేసారి మాట్లాడుకుంటే తొమ్మిది సార్ల డబ్బు. ఈ రెండే. లిఫ్టులో ఎవరు ఎవరికి చెప్పుకున్నా ఇబ్బంది లేదిప్పుడు.

జబ్బుని బట్టి మాత్రం రేటు పెట్టొద్దు. "సయాటికాకి వెయ్యి, మోకాళ్లకి ఎనిమిదొందలు" అన్నామంటే నయం చేస్తామని మాటిచ్చినట్టే. పక్షవాతం వచ్చినవాళ్లకి ఫిజియోథెరపీ డాక్టరు చెప్పాల్సిన పనులు ఉంటాయి. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే చేయి వేయకుండా ఆసుపత్రికి పంపండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే మర్దన ప్రాణం మీదికి తెస్తుంది. అలా వెనక్కి వచ్చిన రోజు నేను పైసా తీసుకోను.

8. వెళ్లకముందే రాతలో పెట్టండి

ఒక మే నెలలో కానూరు దాకా వెళ్తే, "అయ్యో, ఇవాళ వద్దమ్మా, మా ఆడపడుచు వచ్చింది" అన్నారు గుమ్మంలోనే. మంచినీళ్లిచ్చారు, మజ్జిగ కూడా ఇచ్చారు. రెండు గంటలు పోయాయి. తిరిగొచ్చి ఆ సాయంత్రమే ఈ మెసేజ్ రాసుకున్నాను, కొత్తవాళ్లెవరు ఫోన్ చేసినా వాట్సాప్‌లో ఇదే పంపుతాను, ప్రయాణం అంకె ఒక్కటే ఏరియాని బట్టి మారుస్తాను:

"నమస్తే అండి. గంటకి 600, గంటన్నరకి 800. మీ ఏరియాకి ప్రయాణం 100. నూనె, తువ్వాళ్లు నావే. ఆడవాళ్లకి, పిల్లలకి మాత్రమే చేస్తాను. వద్దనుకుంటే ముందురోజు రాత్రి 8 లోపు చెప్పండి. గుమ్మం దాకా వచ్చాక వద్దంటే 200 ఇవ్వాలి. నేల మీద బొంత పరుచుకునే చోటు ఉంటే చాలు. సరేనంటే లొకేషన్ పంపండి."

బొంత మాట ఎందుకంటే, మెత్తటి పరుపు మీద చేస్తే ఒత్తిడంతా పరుపులోకే పోతుంది, మన నడుము విరుగుతుంది. ఆడవాళ్లకి మాత్రమే అన్న మాట ఎందుకో ఈ పనిలో ఉన్న ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ఒక్క ముక్కతో సగం చెత్త ఫోన్లు ఆగిపోయాయి.

రేటు పెంచడానికి నాకు ఉగాది అనుకూలం. నెల ముందే చెబుతాను, అప్పటికే డబ్బు కట్టినవాళ్లకి మిగిలిన సిట్టింగులు పాత రేటుకే చేస్తాను. పోయినసారి 550 నుంచి 600 చేసినప్పుడు ఇద్దరు మానేశారు. వాళ్లలో ఒకావిడ శ్రావణంలో మళ్లీ ఫోన్ చేసింది, కూతురి పెళ్లట, నలుగు పెట్టడానికి ముందు రమ్మని.