ఎల్పీకీ డిజిటల్‌కీ తేడా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన పాత ఎల్పీ రికార్డుని, ఫోన్‌లో ఉన్న అదే పాటని పక్కపక్కన పెట్టి వింటే అది పోలిక కాదు. రెంటి మాస్టరింగ్ (విడుదలకి ముందు ధ్వనిని తుదిగా సరిదిద్దడం) వేరు, వినిపించే తేడాలో చాలా భాగం దానిదే. ఎల్పీని దాని సొంత డిజిటల్ నకలుతోనే పోల్చాలి.

ముందు రికార్డు కడగండి. మూడు పాళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి. లేబుల్ తడవకూడదు. బోరు నీళ్లు అసలు వద్దు, ఆరాక గాడిలో ఉప్పు పేరుకుని చిటపటలు పెరుగుతాయి. 78 ఆర్‌పీఎం లక్క రికార్డులకు ఆల్కహాల్ తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.

ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే ముల్లు ఉండే భాగం నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులే, కాబట్టి ఆ సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్ తప్పనిసరి. రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ని, పెంచిన ట్రెబుల్‌ని తిరిగి సరిచేసేది కూడా అదే. నేరుగా ఆక్స్‌లో గుచ్చితే పాట పీలగా వస్తుంది. గుంయ్‌మని హోరు వస్తుంటే ముందు టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ ప్రీఆంప్ స్క్రూకి బిగిసి ఉందో లేదో చూడండి.

ఆంప్లిఫయర్ రెక్-అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్-ఇన్‌కి తీగ కలపండి. ఆర్‌సీఏ తీగలు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్లలో రికార్డు చేయండి. శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి, సున్నా తాకితే చిట్లిన శబ్దం ఇక బాగుపడదు. తర్వాత 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి మార్చండి.

అందరూ తప్పేది వాల్యూమ్ దగ్గర. ఇసుమంత పెద్దగా మోగేది చెవికి పెద్దగా అనిపించదు, బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే టెస్ట్ రికార్డులోని (కొలతల కోసం స్వరాలు నింపిన రికార్డు) 1 కిలోహెర్ట్జ్ స్వరాన్ని కూడా అదే దారిలో నకలు తీయండి. స్పీకర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి రెండూ కొలవండి. ఎల్పీకి 2.00 చూపిస్తే ఫైలుకి 1.98, 2.02 మధ్య రావాలి. మీటర్ చవకదైనా ఫరవాలేదు, రెండూ ఒకే స్వరం కదా.

ఇక మీకు కనబడకుండా ఒక మిత్రుడు నాణెం ఎగరేసి ఏది వినిపించాలో తేల్చాలి, 20 సెకన్ల చొప్పున 16 సార్లు. మోగింది ఎల్పీయో ఫైలో ప్రతిసారీ మీరు చెప్పాలి. ఫైలు వేసినా ముల్లు గాడిలో దించాలి, లేకపోతే ఆ చప్పుడే రహస్యం చెప్పేస్తుంది. గుడ్డిగా చెప్పినా సుమారు 8 కలుస్తాయి, 12 గానీ అంతకన్నా ఎక్కువగానీ కలిస్తేనే తేడా విన్నట్టు. అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 16 బిట్ల ఫైలు పరిధి సుమారు 96 డెసిబెల్స్, ఎల్పీకి 70 దాటడమే కష్టం. అందుకే రికార్డు కమ్మదనం చిటపటలతో సహా నకల్లోకి దిగుతుంది.

పోలికకి చివరి పాట కాకుండా మొదటి పాట తీసుకోండి. ముల్లు కింద గాడి వేగం అంచున సెకనుకి 51 సెంటీమీటర్లు, లోపల 21 మాత్రమే. 'స', 'శ' అక్షరాలు అక్కడే బుసకొడతాయి.