దీవిలో దొరికిన ఔల్‌ఫ్లైకి పేరు పెట్టే ముందు

దీవుల్లో తీసిన ఔల్‌ఫ్లై (తూనీగలా కనిపించే ఒక పురుగు) ఫొటోలు పంపేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఇది కొత్త జాతేనా?" అని. ముందు మీసాలు చూపించండి, ఆ మాట తర్వాత చూద్దాం అంటాను.

తూనీగ మీసాలు కనిపించీ కనిపించనంత చిన్నవి. ఔల్‌ఫ్లైకి దగ్గరి చుట్టమైన యాంట్‌లయన్ పురుగుకి, రెక్కలొచ్చాక, పొట్టిగా, లావుగా ఉంటాయి. ఔల్‌ఫ్లైకి సాధారణంగా బాగా పొడుగు, చివర గుండు. సీతాకోకచిలుకకూ అలాంటి గుండే ఉంటుంది కాబట్టి, 1763లో స్కోపోలి అనే ప్రకృతి శాస్త్రవేత్త ఒక ఔల్‌ఫ్లైని తీసుకెళ్లి సీతాకోకచిలుకల్లో, పాపిలియో ప్రజాతిలో (జీనస్) వేశాడంటే నాకేమీ వింతగా అనిపించదు.

తర్వాత కళ్లు. ఇక్కడ తొందరపడకండి. పక్కనుంచి, లెన్స్ బాగా దగ్గరపెట్టి చూస్తే కొన్నిటికి కంటికి అడ్డంగా ఒక గాడి కనిపిస్తుంది. కన్ను పై భాగం, కింది భాగం వేరుగా తెలుస్తాయి. గాడి ఉంటే అస్కలాఫినే అనే ఉపకుటుంబం వైపు, లేకపోతే హాప్లోగ్లెనియినే అనే ఉపకుటుంబం వైపు వెతకాలి. పైనుంచి తీసిన ఫొటోలో ఇది తేలదు. వచ్చే ఫొటోలన్నీ ఏమో పైనుంచి తీసినవే! ఎండిన నమూనాలో కంటి రంగు పోయినా గాడి మిగులుతుంది, అది మన అదృష్టం.

రెక్కల రంగును మరీ నమ్మొద్దు. ఆడ, మగ పురుగుల్లో తేడా ఉండొచ్చు, అప్పుడే బయటికొచ్చిన పురుగుకి అసలు రంగు ఇంకా పట్టదు. ముందు రెక్క మొదట్లో వెనక అంచు పంటిలా పొడుచుకొచ్చిందా, మగదానికి పొట్ట చివర పట్టుకొమ్ములు (జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునేవి) ఎంత పొడుగున్నాయి, ఇవి చూడండి. ఎగిరే వేళ కూడా రాసుకోండి. చాలా ఔల్‌ఫ్లైలు మునిమాపు వేళ తిరుగుతాయి. లిబెల్లాయిడెస్ ప్రజాతివి మాత్రం మంచి ఎండలో ఎగురుతాయి; మధ్యధరా సముద్రపు దీవులైన కోర్సికా, సార్డీనియాల్లో ఉండే లిబెల్లాయిడెస్ కోర్సికస్ ఆ ప్రజాతిదే.

దీవి పురుగును ముందు దగ్గర్లోని ప్రధాన భూభాగపు జాతులతో, పక్క దీవుల జాతులతో పోల్చాలి. కాస్త చిన్నగా ఉంది, మచ్చ ఒకటి ఎక్కువుంది అన్నంత మాత్రాన కొత్త జాతి అయిపోదు. ఒక్క ఆడ పురుగే చేతిలో ఉంటే నేను ప్రజాతి దగ్గరే ఆగిపోతాను. ఎవరైనా అలిగితే అలగనీ.

కుటుంబం పేరు దగ్గర చిన్న టెన్షన్ ఉంది. పాత పుస్తకాల్లో అస్కలాఫిడే విడి కుటుంబం. 2019లో వచ్చిన డీఎన్ఏ ఆధారిత వర్గీకరణ ఔల్‌ఫ్లైలను యాంట్‌లయన్ల కుటుంబం మిర్మెలియాంటిడే లోపలికి చేర్చింది. అందరూ దాన్ని ఒప్పుకోలేదు. మీరు ఏది పాటిస్తున్నారో రాసేస్తే గొడవ ఉండదు.

లేబుల్ మీద ఉత్త దీవి పేరు రాస్తే చాలదు. చోటు, ఎత్తు, తేదీ, దీపానికి వచ్చిందా కొమ్మ మీద దొరికిందా అన్నదీ ఉండాలి. పిన్నుకు గుచ్చేముందే డీఎన్ఏ కోసం ఒక కాలు తీసి 95 శాతం ఇథనాల్‌లో వేసి, నమూనాకిచ్చిన నంబరే ఆ సీసా మీదా వేయండి.