చందుపట్ల రుద్రమదేవి శాసనం చూడబోయేవారికి

ముందే ఒక మాట. చందుపట్లలో చూడాల్సింది కోటా కాదు, గోపురమూ కాదు. రుద్రమదేవి మరణాన్ని చెప్పే అక్షరాలు చెక్కిన ఒక రాయి. విగ్రహం చూస్తే చాలనుకునేవారికి హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీదే రుద్రమదేవి ఉంది, ఇంత దూరం రానక్కర్లేదు. ఆ రాయి మీద ఏముందో తెలిసి వస్తే మాత్రం గంటసేపు అక్కడి నుంచి కదలబుద్ధి కాదు.

ఊరు నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలో ఉంది. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చందుపట్ల పేరుతో భువనగిరి మండలంలోనూ ఒక ఊరుంది. మ్యాప్‌లో ఊరి పేరొక్కటే కొడితే అటు తీసుకెళ్లవచ్చు. ‘చందుపట్ల, నకిరేకల్’ అని కొట్టి, దారి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా వెళ్తోందో లేదో చూసుకుని బయల్దేరండి.

హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటాక నకిరేకల్ వస్తుంది. సుమారు 110 కిలోమీటర్లు. సూర్యాపేట వైపు వెళ్లే బస్సు ఎక్కేవాళ్లు టికెట్ తీసుకునే ముందే నకిరేకల్‌లో ఆగుతుందా, ఊళ్లోకి వెళ్తుందా అని కండక్టర్‌ను అడగాలి. దూరప్రాంత బస్సయితే రోడ్డు మీదే దింపి పోవచ్చు. నకిరేకల్ నుంచి ఆటో మాట్లాడుకునేటప్పుడు రానుపోను, అక్కడ గంటన్నర ఆగడం, అన్నీ కలిపి బేరం చేసుకోండి. పోవడానికే మాట్లాడుకుంటే తిరుగు ఆటో కోసం ఎండలో నిలబడాల్సి వస్తుంది. చిల్లర నోట్లు, తాగే నీళ్లు వెంట ఉండాలి. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా, దారిలో కనబడ్డ బోరు నీళ్లు తాగొద్దు.

ఊళ్లో ‘స్మారకం ఎక్కడ’ అని అడిగితే తెల్లముఖం వేస్తారు. ‘అన్నా, రుద్రమదేవి శాసనం రాయి ఎటు దిక్కున్నది?’ అని అడగండి. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని అడిగితే ఇంకా మంచిది, వెంట వచ్చి చూపిస్తారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వానలు వెలిశాక రాళ్ల చుట్టూ గడ్డి, పొదలు పెరిగి ఉంటాయి. చెప్పుల బదులు బూట్లు వేసుకోండి, అడుగు వేసే ముందు కర్రతో తట్టండి.

రోజులో ఏ వేళ వెళ్తారన్నది ఇంకా ముఖ్యం. మిట్టమధ్యాహ్నం ఎండ రాతి ముఖం మీద పడితే చెక్కిన గీతల్లో నీడ ఉండదు, అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. పొద్దున ఎనిమిదింటిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత, వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు అవే అక్షరాలు పైకి లేచినట్టు కనిపిస్తాయి. మధ్యాహ్నమే చేరితే ఒకరు గొడుగో దుప్పటో అడ్డం పెట్టి నీడ చేయాలి. ఇంకొకరు టార్చి లైటును రాతికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు జారవిడవాలి. ఎదురుగా కొట్టే ఫ్లాష్ వల్ల ఉపయోగం లేదు. ముందు రాయి మొత్తానికి ఒక ఫొటో, తర్వాత ఒక్కో ముఖానికి ఒకటి, ఆపైన రెండేసి మూడేసి పంక్తులకు ఒకటి. పై ఫొటోలోని చివరి పంక్తి కింది ఫొటోలోనూ పడాలి, లేకపోతే ఇంటికెళ్లాక వరుస తెగిపోతుంది.

అక్షరాలు కనబడాలని సుద్ద రాయడం, పిండి చల్లడం, నూనె పూయడం వద్దు. సుద్దతో దిద్దేవాడు తను ఊహించిన అక్షరాన్నే దిద్దుతాడు, తర్వాత వచ్చినవాళ్లు ఆ తప్పునే చదువుతారు. నూనెకు దుమ్ము పట్టి గీతలు పూడుకుపోతాయి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు పోస్తే ఆరాక తెల్లని పొర మిగులుతుంది. కాగితంతో అచ్చు తీయడం పురావస్తు శాఖ అనుమతితో, పని తెలిసినవాళ్లు చేయాల్సింది.

ఇక చదవడం. పదమూడో శతాబ్దపు తెలుగు లిపి మనం అనుకున్నంత పరాయిది కాదు. పదాల మధ్య ఖాళీ ఉండదు, పంక్తి చివర మాట ఎక్కడ విరిగితే అక్కడే విరుగుతుంది. పాత శాసనాల్లో ‘స్వస్తిశ్రీ’, ‘శకవర్షంబులు’ అన్న మాటలు మొదట్లోనే వస్తాయి కాబట్టి అక్కడే కళ్లు అలవాటు చేసుకోవాలి. ‘వర్ష’లోని రకారం తరచూ వలపలగిలకగా, అంటే ‘ష’ తర్వాత ౯ లాంటి గుర్తుగా ఉంటుంది. అది తొమ్మిది అంకె అనుకుని తికమకపడేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ‘కాకతి’, ‘రుద్రమ’ అన్న మాటల కోసం వెతకండి. ఒక పేరు దొరికితే దాని చుట్టుపక్కల అక్షరాలు వాటంతటవే విడిపోతాయి.

శాసనం కాలం శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సర మార్గశిరం. మన లెక్కలో 1289 నవంబరు 27. వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే బంటు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారనీ, వారి పుణ్యం కోసం సోమనాథదేవరకు భూమి ఇచ్చాననీ రాయించాడు. విషయం అంతే. కానీ ఇది బయటపడేదాకా చరిత్రకారులు ఆమె 1295 ప్రాంతం దాకా జీవించిందనే రాస్తూ వచ్చారు. ఒక బంటు దానపత్రం ఆ లెక్కను మార్చేసింది.

ఇక్కడ కొంచెం నిదానించాలి. ‘అంబదేవుడితో యుద్ధంలో ఇక్కడే నేలకొరిగింది’ అని గడగడా చెప్పేవాళ్లు ఎదురవుతారు. అంబదేవుడంటే ఆమె మీద తిరగబడ్డ కాయస్థ వంశపు సామంతుడు. రాతి మీద యుద్ధం మాట లేదు, అతని పేరూ లేదు. రాణీ సేనానీ ఇద్దరి మరణమూ ఒకేచోట చెప్పడం, అంబదేవుడి 1290 నాటి త్రిపురాంతకం శాసనం అతని విజయాలను చాటుకోవడం, ఈ రెండూ కలిపి పరిశోధకులు చేసిన ఊహ అది. బలమైన ఊహే. అయితే దానం జరిగిన ఊరే మరణించిన చోటు కానక్కర్లేదు. బంటు తనకు సంబంధం ఉన్న ఊరి గుడికి భూమి ఇచ్చి ఉండవచ్చు.

పిల్లలతో వెళ్తే ఇంత వివరం వద్దు. అక్షరాలు వెతికే ఆట పెట్టండి చాలు.

ఇక్కడికి పూట సరిపోతుంది. మిగిలిన పూటకు సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి మంచిది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం అక్కడుంది. నల్లగొండ వైపు వెళ్లేవాళ్లకు పానగల్లులో పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం ఉన్నాయి. ఏదో ఒక దిక్కే పెట్టుకోండి. రెండు వైపులా తిరగాలని చూస్తే చందుపట్లకు మిట్టమధ్యాహ్నమే చేరతారు, రాయి మీద అక్షరం కనబడదు.