ఆటోమేటిక్ కారా, మాన్యువల్ కారా: ఎలా ఎంచుకోవాలి?

1. ముందుగా మీ దారిని చూసుకోండి

షోరూముకు వెళ్లకముందే, మీ కారు నెలలో ఎక్కువ భాగం ఎక్కడ తిరుగుతుందో లెక్క వేసుకోండి. ఆఫీసు వేళల్లో అమీర్‌పేట, హైటెక్ సిటీ వైపు వెళ్లివచ్చేవారికి, అందులోనూ మోకాళ్ల నొప్పులున్నవారికి, ఆటోమేటిక్‌లో క్లచ్ తొక్కే బాధ తప్పడమే పెద్ద ఊరట. ఎక్కువగా హైవే మీదనే తిరిగేవారికి గేరు మార్చే అవసరం ఎలాగూ తక్కువ కనుక, మాన్యువల్‌తో మిగిలే డబ్బుకు అర్థముంది.

2. ఏ ఆటోమేటిక్ అన్నది తేల్చుకోండి

చాలామంది తొందరపడేది ఇక్కడే. ఆటోమేటిక్‌లలో ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్), టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ అని ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. మన దేశంలో 2014లో మారుతీ సెలేరియోతో సామాన్యుడికి అందుబాటులోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం అనే రెండు పనులను మాత్రం మన బదులు కంప్యూటర్ అదుపులోని పరికరాలు చేస్తాయి. అందుకే దాని ధర తక్కువ, మైలేజీ దాదాపు మాన్యువల్‌తో సమానం. అందుకే గేరు మారిన ప్రతిసారీ బండి ఒక్క క్షణం వెనక్కి తగ్గినట్లు అనిపిస్తుంది. టార్క్ కన్వర్టర్ ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకు అందిస్తుంది కాబట్టి ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో మెత్తగా కదులుతుంది. సీవీటీలో మెట్లుమెట్లుగా గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు తిరుగుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత ముందు వినిపించి, వేగం తరువాత అందుతుంది. రెండు క్లచ్‌లుండే డీసీటీ గేర్లను చాలా చురుగ్గా మారుస్తుంది గాని, అందులో క్లచ్‌ను చల్లబరిచే ఆయిల్ లేని డ్రై క్లచ్ రకం నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కే అవకాశముంది. బడ్జెట్ అనుమతిస్తే నగర ప్రయాణాలకు నా మొగ్గు టార్క్ కన్వర్టర్ వైపే.

3. ఖర్చును పోల్చండి

ఒకే మోడల్‌లో ఒకే వేరియంట్ ఆన్‌రోడ్ ధరలను పక్కపక్కన రాసుకోండి. సాధారణంగా ఏఎంటీకి అర లక్ష అటూ ఇటూ, తక్కిన రకాలకు లక్షకు పైగా అదనంగా అవుతుంది. ఏఎంటీలోనూ, డీసీటీలోనూ క్లచ్ ప్లేట్లు ఉంటాయనీ, అవీ అరుగుతాయనీ మరవవద్దు. మాన్యువల్ గేర్‌బాక్సును చిన్న ఊళ్లోని మెకానిక్ కూడా విప్పగలడు. మిగతావాటికి సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందో ముందే కనుక్కోండి.

4. ఎత్తు మీద నడిపి చూడండి

చదునైన రోడ్డుపై చేసే టెస్ట్ డ్రైవ్ పెద్దగా ఏమీ చెప్పదు. నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎత్తులో గాని, సెల్లార్ ర్యాంపుపై గాని బండిని ఆపి, మళ్లీ కదిలించండి. వెనక్కి జారుతున్నదా, ఎత్తులో బండి జారకుండా కాసేపు బ్రేకు పట్టి ఉంచే హిల్ హోల్డ్ పనిచేస్తున్నదా గమనించండి. యాక్సిలరేటర్‌తో బండిని ఎత్తులో నిలబెట్టే అలవాటు ఏఎంటీ క్లచ్‌ను త్వరగా అరగదీస్తుంది కనుక, ఆగినప్పుడు బ్రేకునే వాడండి. అరకు, తిరుమల వంటి ఘాట్ రోడ్లు దిగేటప్పుడు బ్రేకులపైనే భారం పడకుండా తక్కువ గేరులో ఉంచే వీలు ఉందో లేదో అడగండి. కొత్తగా ఆటోమేటిక్ పట్టేవారు ఎడమ కాలిని పక్కనే ఉంచి, రెండు పెడళ్లకూ కుడి కాలినే వాడాలి.

5. ఇంకెవరు నడుపుతారో ఆలోచించండి

మన దేశంలో సాధారణ కారు లైసెన్స్ రెండింటికీ చెల్లుతుంది. బ్రిటన్‌లో మాత్రం ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారికి మాన్యువల్ నడిపే అర్హత రాదు. అక్కడికి చదువుకో, ఉద్యోగానికో వెళ్లబోయే పిల్లలు ఇంట్లో ఉంటే, కొనేది ఏ కారైనా, డ్రైవింగ్ మాత్రం మాన్యువల్‌పై నేర్పించడం మేలు.