సైలెన్సర్ మార్చిన ఆర్‌ఎక్స్ 100తో అరకు బయల్దేరుతున్నారా? ముందు కార్బరేటర్ సంగతి చూడండి

డిసెంబర్ వచ్చిందంటే విశాఖలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండ్లన్నీ దుప్పట్లు తీసేసుకుని బయటికొస్తాయి. శని, ఆదివారాల్లో తెల్లారకముందే పెందుర్తి దాటి అరకు వైపు పోతుంటాయి. చాలావాటికి కంపెనీ సైలెన్సర్ ఉండదు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉండదు. పొట్ట ఉబ్బిన రేసు సైలెన్సర్ (ఎక్స్‌పాన్షన్ చాంబర్) ఒకటి, గాలీ పెట్రోలూ కలిపే కార్బరేటర్ వెనక నేరుగా బిగించిన కోన్ ఫిల్టర్ ఒకటి ఉంటాయి. నాదీ అలాంటి బండే. మూడేళ్ల కిందట కొత్తవలస దాటాక ఇంజన్ పట్టేసింది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయింది.

పట్టేయడానికి ముందు ఐదు నిమిషాలు బండి ఎలా ఉందో చెప్పాలి. కొన్నాళ్లనుంచి ఎప్పుడూ అంత బాగా లాగలేదు. గొంతు సన్నగా, శుభ్రంగా ఉంది. పొగ లేదు. యాక్సిలరేటర్ ఇంకా తిప్పాలనిపించింది, తిప్పాను. ఇంజన్‌లోంచి గాజులు రాసుకున్నట్టు చిన్న చప్పుడు, ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ మీద రెండు వేళ్లు ఉండబట్టి బతికాను. ఆర్‌ఎక్స్ నడిపేటప్పుడు ఆ రెండు వేళ్లు తియ్యొద్దు. సిలిండర్ విప్పితే పిస్టన్‌కి సైలెన్సర్ వైపు నిలువు గీతలు, ప్లగ్ చూస్తే సున్నం కొట్టినట్టు తెలుపు. సిలిండర్ రీబోర్ (లోపల కోసి వెడల్పు చెయ్యడం), కొత్త పిస్టన్. చాంబర్ బిగించిన షాపువాళ్లు కార్బరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క, అదే జెట్, మార్చలేదు, మార్చాలని నేనూ అడగలేదు.

జరిగింది ఇది. ఫిల్టర్, సైలెన్సర్ మార్చాక ఇంజన్‌లోకి గాలి ఎక్కువ పోతుంది, పెట్రోల్ మాత్రం పాత కొలతే. దీన్నే మెకానిక్‌లు లీన్ అంటారు. డిసెంబర్ తెల్లవారుజామున గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త లీన్. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ మండాలంటే అదే గాలికి ద్రవం ఎక్కువ కావాలి, జెట్ రంధ్రం మాత్రం పెరగదు కదా. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండికి ఈ లెక్కలేవీ తెలియవు. అందుకే సెప్టెంబరులో బాగున్న ట్యూనింగ్ డిసెంబరులో పిస్టన్ తినేస్తుంది.

జెట్ల జోలికి వెళ్లకముందు గాలి ఎక్కడైనా దొంగతనంగా దూరుతోందేమో చూడాలి. మన పాత బండ్లకి సగం రోగాలు ఇక్కడే. కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరును వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు అప్పుడే కనపడతాయి. మాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ పోయినా గాలి లాగుతుంది. గుర్తు ఏమిటంటే, రేస్ ఇచ్చి వదిలాక ఇంజన్ వేగం వెంటనే స్లోకి (ఐడ్లింగ్‌కి) దిగదు, కాసేపు పైనే వేలాడి మెల్లగా వస్తుంది. ఈ లక్షణం ఉన్న బండికి ఎన్ని జెట్లు మార్చినా డబ్బు దండగ.

ఇక రోగం ఎక్కడుందో యాక్సిలరేటరే చెబుతుంది. స్లోలో, కొద్దిగా తిప్పినప్పుడు గోలంతా పైలట్ జెట్ (స్లోకి పెట్రోల్ ఇచ్చేది), దాని గాలి సర్దే ఎయిర్ స్క్రూలది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది, అంటే యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే సూదిది. ఆ పైన మెయిన్ జెట్‌ది. హ్యాండిల్ మీద గ్రిప్‌కి చిన్న టేపు ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకోండి. "ఎక్కడో మిస్సింగ్ కొడుతోందన్నా" అంటే ఏ మెకానికూ ఏం చెయ్యలేడు. "సగం దగ్గర గుక్క పట్టుకుంటోంది" అంటే పని సగం అయిపోయినట్టే.

లీనా, రిచ్చా (పెట్రోల్ ఎక్కువైందా) అన్న అనుమానానికి చవకైన పరీక్ష ఉంది. ఇబ్బంది ఉన్నచోట చోక్ కొద్దిగా లాగండి. బండి కుదురుకుంటే పెట్రోల్ తక్కువైంది, ఇంకా గుర్రుమంటే ఎక్కువైంది.

ఎయిర్ స్క్రూ ఇంజన్ బాగా వేడెక్కాకే తిప్పాలి. మెల్లగా లోపలికి బిగించి, ఒకటిన్నర చుట్టు బయటికి తీసి, అక్కడినుంచి స్లో ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉంటుందో వెతకండి. ఈ బండిలో స్క్రూ లోపలికి వెళ్తే రిచ్, బయటికొస్తే లీన్. చాలా ఫోర్ స్ట్రోక్ బండ్లలో దీనికి తలకిందులు, అక్కడ నేర్చుకున్న చెయ్యి ఇక్కడ వాడితే ముప్పు. స్క్రూ పూర్తిగా మూస్తేనే బాగుంటోందంటే పైలట్ జెట్ చిన్నదైంది.

నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోల్ ఎక్కువ పోతుంది. మెయిన్ జెట్ అయితే నంబరు పెరిగేకొద్దీ రంధ్రం పెద్దది. నా అభిప్రాయం ఏమిటంటే, ముందు కావాలనే పెద్ద జెట్ వేసి, ఫుల్ రేస్‌లో బండి బరువుగా మొరాయించేలా చేసి, అక్కడినుంచి ఒక్కో సైజు తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువైతే ప్లగ్ నల్లబడుతుంది, అంతే. తక్కువైతే పిస్టన్ పోతుంది. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి, చేసింది రాసిపెట్టుకోండి. జెట్టూ క్లిప్పూ ఒకేరోజు మార్చి, బాగుపడింది దేనివల్లో తెలియక తలపట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. సెట్టింగ్ సరే అనుకున్నాక కొత్త ప్లగ్ వేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో ఫుల్ లాగి, క్లచ్ నొక్కి కీ ఆపేసి, అలాగే దొర్లుకుంటూ ఆగి ప్లగ్ విప్పి చూడండి. కాఫీపొడి రంగు ఉండాలి.

జెట్లకి సన్నతీగ పెట్టి పొడవకండి, రంధ్రం సాగితే నంబరుకి అర్థం ఉండదు. గాలి కొట్టించండి చాలు. పెట్రోల్ కాక్ ఆపి, ఫ్లోట్ గిన్నెలోది సీసాలోకి వంపి, ఆరుబయట పని చెయ్యండి. తలుపులు మూసిన షెడ్‌లో ఇంజన్ ఆన్‌లో పెట్టి ట్యూన్ చెయ్యడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అన్నిటికన్నా నాకు భయమేసేది స్లైడ్, అంటే యాక్సిలరేటర్ తిప్పితే కార్బరేటర్‌లో పైకి లేచే గాలి తలుపు. తిరిగి పెట్టేటప్పుడు దాని గాడి లోపలి పిన్నుకి సరిగ్గా కూర్చోకపోతే యాక్సిలరేటర్ తెరుచుకుని అక్కడే ఉండిపోతుంది. కిక్ కొట్టకముందే గ్రిప్ తిప్పి వదలండి, లోపల "టక్" మని దిగిన శబ్దం వినపడాలి. హ్యాండిల్ ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి మళ్లీ వినండి. వైరు బిగుసుకుంటే అప్పుడే తెలుస్తుంది.

ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపే బండైతే, భయంకొద్దీ ఆయిల్ ఎక్కువ పొయ్యకండి. ఆయిల్ పెరిగితే అదే జెట్‌లోంచి పోయే పెట్రోల్ తగ్గుతుంది, బండి ఇంకా లీన్ అవుతుంది.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంటుంది. విశాఖలో సరిగ్గా ఉన్న బండి అక్కడ కాస్త బరువుగా, గుర్రుగుర్రుమంటూ నడుస్తుంది. అది రోగం కాదు. అక్కడ ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ తీసి "కొంచెం లీన్ చేద్దాం బ్రో" అంటారు. చెయ్యనివ్వకండి. చేసినా, ఎన్ని చుట్లు తిప్పారో గుర్తుంచుకుని దిగేముందు వెనక్కి తిప్పేయండి. కొత్తవలస దగ్గర తిన్నటి రోడ్డు మళ్లీ మన గాలిలోనే ఉంటుంది.

దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేర్ మీదే మైళ్లకొద్దీ రాకండి. ఆయిల్ కలిపిన పెట్రోల్ తాగే ఇంజన్‌కి అప్పుడు ఆయిలూ అందదు. నిమిషానికోసారి క్లచ్ పట్టి చిన్న రేస్ ఇచ్చి వదులుతూ ఉండండి. వెనకొచ్చేవాళ్లు షో చేస్తున్నామనుకుంటారు, అనుకోనివ్వండి.