ఏఐ రిపోర్టుకూ కుక్కకూ పొంతన కుదరకపోతే

సమస్య: కుక్క హుషారుగా ఉంది. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఎక్స్‌రే చదివి ఏఐ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టు మాత్రం గుండె పెరిగిందంటోంది.

కారణం: ముందు అనుమానించాల్సింది మనం ఎక్స్‌రే తీసిన తీరునే. పోయిన వేసవిలో మా క్లినిక్‌కి వచ్చిన ఏడేళ్ల లాబ్రడార్‌కి గుండె స్కోరు (గుండె సైజు ఎన్ని వెన్నుపూసలంత ఉందో చెప్పే లెక్క) 11.7 అని వచ్చింది. ఓనరుగారు టెన్షన్‌తో కూర్చోలేకపోయారు. ఎక్స్‌రే పెద్దది చేసి చూస్తే, వెన్ను దగ్గర ఒకదాని మీద ఒకటి పడాల్సిన పక్కటెముకలు రెండు వరుసలుగా విడిపోయి ఉన్నాయి. అంటే ఛాతీ ఒరిగిపోయింది. పైగా ఊపిరి వదిలినప్పుడు తీశాం. అలా తీస్తే ఊపిరితిత్తులు ముడుచుకుని తెల్లబడతాయి, గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

పరిష్కారం: రొమ్ము ఎముక కింద ఫోమ్ ముక్క పెట్టి, ఊపిరి నిండా పీల్చుకున్న క్షణంలో మళ్లీ తీశాం. ఈసారి 10.9. ఈ స్కోరును మీరే కొలిచి చూసుకోవచ్చు. గుండె పొడవు, వెడల్పు విడివిడిగా కొలిచి, ఆ రెండింటినీ నాలుగో ఛాతీ వెన్నుపూస నుంచి వెన్ను మీద పెట్టి, ఎన్ని పూసలు వచ్చాయో కూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు 1995లో బుకానన్, బుకెలర్ అనే పరిశోధకులు చెప్పిన సగటు 9.7. అయితే జాతిని బట్టి ఇది మారుతుంది: లాబ్రడార్‌కి 10.8, బాక్సర్‌కి 11.6 దాకా ఉంటుంది. రిపోర్టు జాతిని లెక్కలోకి తీసుకుందో లేదో చూడండి. స్టెతస్కోప్‌లో మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం) వినిపిస్తే మాత్రం, స్కోరు ఎంత వచ్చినా ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్, చేయించాల్సిందే.

సమస్య: ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందంటోంది.

కారణం: చనుమొన కావచ్చు. ఎక్స్‌రేలో అది ఛాతీ మీద గుండ్రటి మచ్చలా పడుతుంది. క్యాన్సర్ అనే మాట ఆ ఇంటివాళ్ల చెవిన వేసేముందు ఒక్క నిమిషం ఆగండి.

పరిష్కారం: చనుమొనకి చుక్క బేరియం (ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే మందు) రాసి మళ్లీ తీయండి. మచ్చ తెల్లగా మెరిస్తే అది చనుమొనే. మెరవకపోతే కుడి, ఎడమ, వెల్లకిలా మూడు ఎక్స్‌రేలూ పంపండి. పడుకున్న వైపు ఊపిరితిత్తి అణిగిపోవడంతో అక్కడి గడ్డ ఒక్క ఎక్స్‌రేలో దొరకకపోవచ్చు.

సమస్య: రిపోర్టులో అంతా మామూలే. కుక్కకి వాంతులు ఆగట్లేదు.

ఇది నన్ను అన్నిటికన్నా భయపెడుతుంది, ఎందుకంటే రిపోర్టు చూసి ఇంటికి పంపేస్తాం. సాక్సు, గుడ్డపీలిక, మామిడి టెంక లాంటివి ఎముకలా, లోహంలా తేటగా కనిపించవు. కుడి పక్క ఒక్కటే తీసి ఉంటే ఎడమ పక్క కూడా తీయండి. ఎడమ వైపు పడుకోబెడితే కడుపులోని గాలి పేగు మొదలయ్యే చోటికి చేరుతుంది, అక్కడ ఇరుక్కున్నది ఆ గాలి మధ్య బయటపడుతుంది. అప్పటికీ తేలకపోతే అల్ట్రాసౌండ్ చేయండి.

కడుపు డోలులా ఉబ్బి, వాంతి రాక కుక్క ఓకరిస్తుంటే ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. అది కడుపు మెలిపడటం కావచ్చు. షాక్‌కి సెలైన్ మొదలుపెట్టి, గాలి తీసే ఏర్పాటు చేసుకుంటూనే కుడి పక్క ఎక్స్‌రే తీసి మీ కళ్లతో మీరే చూడండి.

సమస్య: ఒకే ఎక్స్‌రేకి రెండుసార్లు రెండు రకాల రిపోర్టులు.

ఒకసారి మెషీన్ నుంచి డైకామ్ ఫైలు (ఎక్స్‌రే అసలు డిజిటల్ ఫైలు), ఇంకోసారి మానిటర్‌ని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో వచ్చింది పెట్టారేమో చూడండి. ఫొటోలో వెలుగు మరక పడుతుంది, సన్నటి గీతలు చెరిగిపోతాయి. డైకామే పంపండి.