యుద్ధ డ్రోన్ల పట్టిక – నాలుగో పాఠం: కొన్నవెన్ని, చేతికొచ్చినవెన్ని?

మూడో పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. తుర్కియే టీబీ2, అమెరికా ఎంక్యూ–9బీ డ్రోన్లను ఎవరు తయారు చేస్తున్నారు, ఎవరికి అమ్మారు, ఎవరు నడుపుతున్నారు అని మూడు గడుల పట్టిక వేయమన్నాను. వచ్చిన పట్టికలు చూశాక ఈ వారం చెప్పాల్సిన తయారీ పాఠాన్ని వెనక్కి నెట్టక తప్పలేదు. ఎంక్యూ–9బీ కింద భారత్ వరుసలో, నడుపుతున్న గడిలో, దాదాపు అందరూ 31 అని రాసి టిక్కు పెట్టారు. గ్రూప్స్‌కి చదువుతున్న గుంటూరు కుర్రాడొకతను తయారీ గడిలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు కూడా చేర్చాడు, అక్కడ డ్రోన్ సిటీ వస్తోంది కదా అని! 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడ సింగ్‌నగర్ వాళ్లకు అన్నం ప్యాకెట్లు తెచ్చినవీ, ఆ అక్టోబరులో పున్నమి ఘాట్ మీద బొమ్మలు కట్టిన 5,500 డ్రోన్లూ యుద్ధానివి కావు, మన పట్టికలోకి రావు. దీని గురించి ఇంతకంటే చెప్పను. నిఘా డ్రోన్‌కీ ఆయుధ డ్రోన్‌కీ తేడా మొదటి పాఠంలో ఉంది, చూసుకోండి.

31 సంగతే చూద్దాం. ఒకే అంకె వార్తల్లో ఎన్నిసార్లు కనబడిందో వరసగా పెట్టుకుంటే చాలు, చిక్కు దానంతటదే విడిపోతుంది.

2023 జూన్‌లో ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు ఈ కొనుగోలు గురించి రెండు దేశాలూ చెప్పాయి. 2024 ఫిబ్రవరి 1న అమెరికా ప్రభుత్వం తమ చట్టసభ కాంగ్రెస్‌కు నోటీసు ఇచ్చింది: 31 డ్రోన్లు, 170 హెల్‌ఫైర్ క్షిపణులు, 310 చిన్న బాంబులు, ఇంకా బోలెడు సరంజామా, అంతా కలిపి 399 కోట్ల డాలర్లు. 2024 అక్టోబరు 15న ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నేవీకి 15, ఆర్మీకి 8, వైమానిక దళానికి 8. మూడుసార్లూ పత్రికల్లో '31 డ్రోన్లు' అనే శీర్షికలు వచ్చాయి. మూడుసార్లూ మన చేతికి వచ్చినవి సున్నా. డెలివరీలు 2029 నుంచి మొదలవ్వాలి.

మరి భారత్ ఈ డ్రోన్లను నడపడం లేదా? నడుపుతోంది! తమాషా అంతా ఇక్కడే ఉంది. 2020 నవంబరు నుంచి నేవీ రెండు సీగార్డియన్లను (ఎంక్యూ–9బీలోనే సముద్ర నిఘా రకం) లీజుకు తీసుకుని అరక్కోణం దగ్గరి ఐఎన్‌ఎస్ రాజాలీ నుంచి ఎగరేస్తోంది. అవి ఆయుధాలు లేనివి. వాటిలో ఒకటి 2024 సెప్టెంబరులో చెన్నై తీరం దగ్గర సముద్రంలో పడిపోయింది. అంటే ఒప్పందం మీద సంతకం పెట్టే నాటికి మన దేశం ఈ డ్రోన్‌ని కొనకుండానే నాలుగేళ్లుగా నడుపుతోంది, ఒకదాన్ని పోగొట్టుకుంది కూడా. ఇదంతా '31 ✓' అనే గడిలో ఎక్కడ పడుతుంది?

అందుకే మూడు గడుల పట్టిక చించేయండి. అంకె పక్కన టిక్కు బదులు ఒక అక్షరం పెట్టండి. నేను వాడేవి ఇవి: 'ప్ర' అంటే ప్రకటన లేదా అనుమతి, 'ఒ' అంటే ఒప్పందం, 'చే' అంటే చేతికి అందింది, 'లీ' అంటే లీజు, 'పో' అంటే కూలిందో, కూల్చారో, అమ్మేశారో మొత్తానికి పోయింది. ప్రతి అక్షరం పక్కన నెల, సంవత్సరం ఉండాలి. అక్షరం లేని అంకెను నేను దిద్దను. భారత్ వరుస ఇలా వస్తుంది: 31 ప్ర (2024 ఫిబ్రవరి), 31 ఒ (2024 అక్టోబరు), 0 చే, 2 లీ (2020 నవంబరు), లీజులోంచి 1 పో (2024 సెప్టెంబరు).

ఇక ధర. ఇది నాకు చిరాకు తెప్పించే విషయం కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టండి. చాలామంది ఒప్పందం ధర 399 కోట్ల డాలర్లని రాశారు. ఆ నోటీసులో ఉండేది ఖరీదు కాదు. అడిగినవన్నీ ఇస్తే ఎంతవరకూ కావచ్చో చెప్పే పైహద్దు. కొనే దేశం బేరం ఆడుతుంది, కొన్ని వస్తువులు వద్దంటుంది, కొన్ని వేరే ఒప్పందంలో పెడుతుంది. సంతకాలప్పుడు మన పత్రికలు సుమారు 32 వేల కోట్ల రూపాయలని రాశాయి. అందులో మన దేశంలోనే రిపేరు, మెయింటెనెన్స్ చేసే ఏర్పాటు కూడా కలిసి ఉంది. ఈ మొత్తాన్ని 31తో భాగించి 'ఒక్కో డ్రోన్ వెయ్యి కోట్లు' అని రాసేవాళ్లుంటారు. అందులో క్షిపణులు, నేల మీది కంట్రోల్ స్టేషన్లు, విడిభాగాలు, మెయింటెనెన్స్ అన్నీ ఉన్నాయి. దాన్ని డ్రోన్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఏ వస్తువు ధరా కాదు. నా పట్టికలో అసలు ధర గడే ఉండదు. కావాలంటే మీరు పెట్టుకోండి, కానీ భాగహారం మాత్రం చేయకండి. రెండు దేశాల ధరలను పక్కపక్కన పెట్టి 'వాళ్లు చవగ్గా కొన్నారు, మనం మోసపోయాం' అనడం అసలే వద్దు. రెండు మూటల్లో ఏమేం కట్టారో తెలియకుండా బరువులు పోల్చినట్టే అది.

ఇప్పుడు టీబీ2. తుర్కియేకు చెందిన బైకార్ కంపెనీ తయారీ. రెక్కల వెడల్పు 12 మీటర్లు, మోసే బరువు 150 కిలోలు, గాల్లో 27 గంటలు ఉండగలదు. ఇక్కడ తడబాటు వేరే రకం. పోలండ్ వరుసలో కొందరు 4 అని, కొందరు 24 అని రాశారు. రెండూ వార్తల్లో ఉన్నవే. 2021 మేలో పోలండ్ కొన్నది 4 సెట్లు, సెట్టుకి 6 విమానాలు. కంట్రోల్ స్టేషన్లు, యాంటెన్నాలు సెట్టులోనే వస్తాయి. రొమేనియా 2023లో 3 సెట్లు కొంది, అంటే 18. పట్టికలో ఎప్పుడూ విమానాల సంఖ్యే రాయండి. పోలండ్‌కి మొదటి సెట్టు 2022 అక్టోబరులో అందింది. కాబట్టి ఆ నెలకు 24 ఒ, 6 చే, తర్వాతివి అందిన కొద్దీ పెంచుకుంటూ పోవాలి.

'లిథువేనియాకి ఒకటి' అని రాసినవాళ్లకు: 2022లో అక్కడి జనం చందాలు వేసుకుని ఉక్రెయిన్‌కి టీబీ2 కొనిపెట్టాలనుకున్నారు. డబ్బు పోగయ్యాక కంపెనీ డ్రోన్‌ని ఉచితంగానే ఇచ్చింది. నడిపేది ఉక్రెయిన్. డబ్బు ఎవరు ఇచ్చారన్నది పక్కన చిన్న అక్షరాల్లో రాసుకోండి, వరుస మాత్రం ఉక్రెయిన్‌ది.

లిబియా ఇంకా కష్టం. 2011 నుంచి ఆ దేశం మీద ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధం ఉంది, అయినా 2019లో ట్రిపోలీ ప్రభుత్వం వైపు టీబీ2లు, దానితో పోరాడుతున్న సైనిక నేత హఫ్తార్ వైపు చైనావాళ్ల వింగ్ లూంగ్–2లు ఎగిరాయి. ఇలాంటి చోట ఒప్పందం కాగితం దొరకదు. కూలిన శకలాల ఫొటోలు, ఐరాస నిపుణుల నివేదికలే ఆధారం. పైగా వింగ్ లూంగ్‌లను నడిపింది యూఏఈ అని అందరూ చెప్పేదే. ఎక్కడ ఎగిరిందో చూసి ఆ దేశాన్ని వరుసలో పెట్టేయకండి, వెనక ఎవరు కూర్చుని నడిపారో చూడండి.

రష్యా వాడే ఇరాన్ డ్రోన్ షాహెద్–136కి ఈ పట్టిక పనికిరాదు. గెరాన్–2 పేరుతో టాటర్‌స్తాన్‌లోని అలాబుగాలో వాళ్లే తయారు చేసుకుంటున్నారు. వెళ్లి గుద్దుకుని పేలిపోయే దానికి 'ఎన్ని ఉన్నాయి' అనే ప్రశ్నే సరిపడదు. నెలకు ఎన్ని తయారవుతున్నాయి, ఎన్ని వదిలారు అనేవే లెక్క. దానికి వేరే పేజీ పెట్టుకోండి.

తయారీ గురించి ఒక్క సంగతి చెప్పి మిగతాది వచ్చే పాఠానికి ఉంచుతాను. టీబీ2 'తుర్కియే తయారీ' అన్నది నిజమే. కానీ మొదట్లో దాని కెమెరా కెనడాది, ఇంజిన్ ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్. అజర్‌బైజాన్, ఆర్మేనియాల మధ్య జరిగిన నాగోర్నో–కరాబాఖ్ యుద్ధంలో వాడారని 2020 అక్టోబరులో కెనడా కెమెరాల ఎగుమతి ఆపింది, 2021 ఏప్రిల్‌లో అనుమతులే రద్దు చేసింది. బైకార్ తుర్కియే కంపెనీ ఆసెల్సాన్ కెమెరా పెట్టుకుంది. అందుకే తయారీ గడిలో దేశం పేరు ఒక్కటే రాస్తే ఎగుమతి ఎక్కడ ఆగుతుందో మీకు అర్థం కాదు. ఇంజిన్, కెమెరా, ఆయుధం ఎక్కడివో మూడూ రాయండి.

పట్టిక ఫోన్‌లో వేసుకుంటామన్నవాళ్లకు నా సలహా, వద్దు. బీసెంట్ రోడ్డులో దొరికే పొడుగు లెడ్జర్ ఒకటి కొనుక్కోండి, పెన్సిల్‌తో రాయండి. ఈ అంకెలు నెలనెలా మారతాయి, పాతది చెరిపేయకుండా గీత కొట్టి పక్కన కొత్తది రాస్తే ఏది ఎప్పుడు మారిందో కనబడుతుంది. పాత తేదీలు సరిచూసుకోవడానికి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెనకటి ఇయర్‌బుక్‌లు వెతకండి.

అభ్యాసం. జోర్డాన్ చైనా నుంచి కొన్న సీహెచ్–4 డ్రోన్లను 2019లో అమ్మకానికి పెట్టింది. ఇరాక్ కూడా అవే కొంది. ఈ రెండు దేశాలకూ వరుసలు వేయండి. ప్రతి అంకెకూ రెండు వేర్వేరు వార్తలు ఆధారం చూపాలి, రెండోది మొదటిదాన్ని చూసి రాసినది కాకూడదు. రెండో ఆధారం దొరకకపోతే అంకె రాయకండి, గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడికి మార్కులు కోయను. అది అయ్యాక పోయిన వారం పంపిన మీ పట్టికలోని టిక్కులన్నీ కొట్టేసి అక్షరాలు పెట్టి మళ్లీ పంపండి. ఓర్వకల్లు అబ్బాయి కూడా.